శాలువా సంగతి తర్వాత చూద్దాం

కడప ఎర్రముక్కపల్లె నుంచి ఉత్తరం రాసిన దస్తావేజు లేఖరి గారికి,

పని నేర్పిన గురువుగారికి లక్ష రూపాయలు పెట్టి కల్యాణమండపంలో సన్మానం చేయాలని మీ కోరిక. భార్య ఒప్పుకోవడం లేదు, ఎలా ఒప్పించాలి అని అడిగారు. ఒప్పించకండి. చూపు ఆనక ఇంటిపట్టున ఉన్న 78 ఏళ్ల మనిషికి మండపం, మైకు ఎందుకు? ఆదివారం వెళ్లి పేపరు చదివి వినిపించండి. కంటి డాక్టరుకు చూపించండి. మీ ప్రశ్నకు ఇంతే జవాబు.

నాకు గుచ్చుకున్నది మీరు మధ్యలో యథాలాపంగా రాసిన సంగతి. జమ్మలమడుగు పక్క పల్లె నుంచి వచ్చిన మీ ఆవిడ ‘పోతాండా, వస్తాండా’ అంటే పిల్లల ముందే దిద్దుతారట. ఆమె పెట్టిన మెసేజ్‌లో తప్పులు పైకి చదివి నవ్వుతారట. ‘మా గురువుగారైతే దీన్ని చింపి పారేసేవారు’ అంటారట. పైగా ఆమెకు ఆయనంటే అసూయ అని తేల్చేశారు. అసూయ కాదండీ. అవమానించిన ప్రతిసారీ ఆయన పేరు ఎత్తితే, ఆ పేరు వింటేనే ఒళ్లు మండదా?

ఆయన నేర్పిందేమిటో మీరే చక్కగా రాశారు. పిత్రార్జితాన్ని స్వార్జితం అని రాస్తే అన్నదమ్ములు కోర్టుకెక్కుతారు. చెక్కుబందిలో, అంటే పొలం హద్దుల వివరంలో, తూర్పు, పడమర తారుమారైతే గట్టు తగాదా మనవళ్ల దాకా సాగుతుంది. సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ వేయాలి, కొట్టివేత ఉంటే రాసిచ్చేవాళ్ల సంతకం పడాలి. ఇంత జాగ్రత్త ఎవరి కోసం? వేలిముద్ర వేసే అవ్వ మోసపోకూడదని. ‘ఆమె చెప్పేది పూర్తిగా విను, ఆ తర్వాతే కలం పట్టు’ అనేవారని కూడా మీరే రాశారు. ఆ అవ్వ యాసను ఆయన ఏనాడైనా వెక్కిరించారా?

మీరుండే పేటలోనే సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ఆ దొర జనం నోళ్లలో, సర్కారు కచేరీల్లో నలిగిన అన్యదేశ్యాలకు, అంటే పరాయి భాషల నుంచి వచ్చిన మాటలకు, 1854లో విడిగా నిఘంటువే వేశాడు. మీకేమో ఇంట్లో మాట నామోషీ!

కటువుగా ఉంటే ఉండనీండి. ఆత్మగౌరవం చంపుకుని మొగుడి గురువుకు శాలువా కప్పమని ఏ ఆడపిల్లకూ నేను చెప్పను. ఎగతాళి పిల్లల ముందు చేశారు కాబట్టి, తప్పయిందని కూడా వాళ్ల ముందే చెప్పండి. తర్వాత గురువుగారింటికి వస్తావా అని ఆమెను అడగండి. రానంటే మొహం మాడ్చుకోకుండా ఒక్కరే వెళ్లండి. ఇక ఆ లక్ష ఏం చేయాలో ఇద్దరూ కూర్చుని తేల్చుకోండి. అందులో సగం ఆమె చీటీ పాడిన డబ్బేనని ఉత్తరం చివర్లో చిన్న అక్షరాలతో రాశారు, నేను చూడకపోలేదు.