ఇస్తాంబుల్ స్పైస్ బజార్‌లో ఏం కొనాలి, ఎక్కడ కొనాలి, కుంకుమపువ్వు అసలుదో కాదో ఎలా చూడాలి?

ఒక్క పూటే ఉంది, స్పైస్ బజార్‌కి వెళ్లవచ్చా, అక్కడ కుంకుమపువ్వు చవక అంటున్నారు నిజమేనా అని అడిగారు. తప్పకుండా వెళ్లండి. అయితే చూడడం లోపల, కొనడం ఎక్కువగా బయటి సందుల్లో పెట్టుకోండి. చవక కుంకుమపువ్వు మాట మాత్రం నమ్మవద్దు.

ఊళ్లోని మరో పెద్ద పాత మార్కెట్ గ్రాండ్ బజార్ వేరు, ఇది వేరు. గ్రాండ్ బజార్‌కి ఆదివారం సెలవు, ఇది ఆదివారం కూడా తెరిచే ఉంటుంది. టీ1 ట్రామ్‌లో ఎమినోను స్టాప్‌లో దిగితే ఎదురుగా యెని జామి మసీదు, దాని వెనకే బజార్. 1660లలో ఆ మసీదుతో పాటే కట్టారు, దుకాణాల అద్దెలు మసీదు ఖర్చులకు వెళ్లేలా. ఈజిప్టు నుంచి వచ్చే పన్నుల డబ్బుతో కట్టారని చెబుతారు, అందుకే స్థానికులు ‘మిసిర్ చార్షిసి’, అంటే ఈజిప్టు బజారు, అంటారు. ఎల్ ఆకారంలో రెండు పొడవాటి వరుసలు, పైన కమాను కప్పు. ఆ రెండూ కలిసే మూలలో తల పైకెత్తితే చెక్కతో కట్టిన చిన్న మంచె కనిపిస్తుంది. వ్యాపారం బాగుండాలని ఒకప్పుడు అక్కడి నుంచే దువా చదివేవారు. జనం దాన్ని చూడకుండానే దాటిపోతుంటారు. ఉదయం తొమ్మిది, తొమ్మిదిన్నరకే వెళ్లండి. మధ్యాహ్నం దాటితే తోపులాటలో ఏదీ నిలబడి చూడలేరు.

ఇక కుంకుమపువ్వు. ‘టర్కిష్ సాఫ్రన్’ అని చీటీ గుచ్చి గుట్టగా పోసి అమ్మేది కుసుమ పువ్వు. మన తాండూరు, జహీరాబాద్ వైపు నూనెగింజల కోసం వేసే కుసుమే. అన్నానికి కాస్త పసుపు రంగు ఇస్తుంది, వాసన దాదాపు ఉండదు. అసలు కుంకుమపువ్వు టర్కీలో సఫ్రన్‌బోలు దగ్గర పండుతుంది కానీ చాలా కొద్దిగా. బజార్‌లో దొరికే అసలు సరుకు ఎక్కువగా ఇరాన్‌ది, గ్రాముల లెక్కన చిన్న డబ్బాల్లో ఉంటుంది. ఒక పోగు అరచేతిలో పెట్టుకుని చూడండి. ఒక కొస సన్నగా, రెండో కొస బాకా మూతిలా విప్పారి ఉండాలి. కుసుమైతే సన్నటి గొట్టం, కొసన అయిదుగా చీలిన రేకు, రంగు నారింజ వైపు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో రెండు పోగులు వేసి చూపించమనండి. నీళ్లు నిదానంగా బంగారు పసుపుకు తిరగాలి, పోగు ఎర్రగానే మిగలాలి. వేసీ వేయగానే నీళ్లు ఎర్రబడి పోగు తెల్లబోతే రంగు వేసినట్టే. నీళ్లు ఇవ్వనంటే ఆ దుకాణంలో కొనకండి. ఎక్కడైనా సరే, ఒక గ్రాముకు మించి కొనకండి.

మసాలాలు గోపురాల్లా పేర్చినవి ఫొటోకి బాగుంటాయి, వంటకు కాదు. రోజంతా వెలుతురూ గాలీ తగిలి వాసన పోతుంది. మూతపెట్టిన డబ్బాలోంచి తీయమనండి. మనవాళ్లు తప్పక తేవాల్సింది పుల్ బిబెర్, ఎర్ర మిరప తునకలు. ఇది మన కారంలా పొడిగా ఉండదు, ఉప్పు, కొద్దిగా నూనె పట్టించి తయారు చేస్తారు. వేళ్ల మధ్య నలిపితే మెత్తగా చెమ్మగా తగలాలి. అందుకే ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెట్టాలి, కూరలో ఉప్పు తగ్గించాలి. 250 గ్రాములు చాలు. టర్కీలోని ఉర్ఫా నుంచి వచ్చే ఇసోత్ మిరప ఇంకా మంచిది. పగలు ఎండబెట్టి, రాత్రి మూటకట్టి ఉక్కబోయిస్తారు, దాంతో నల్లటి ఊదారంగు, పొగవాసన వస్తాయి. వేయించిన వంకాయ మీద చల్లి చూడండి. పులుపుకి వాడే సుమాక్ పొడిలో కూడా ఉప్పు కలిపే అలవాటుంది, నాలుక మీద వేసుకుని చూసి కొనండి.

లోకుమ్ స్వీట్ దగ్గర డబ్బు ఎక్కువగా పోతుంది. రుచి చూడమని ముక్క ఇస్తారు, మీరు తల ఊపేలోపు పిస్తా నిండిన ఖరీదైన రకాలతో పెట్టె నింపి తూకం వేసేస్తారు, కిలో దాటిపోతుంది. ముందే రకం, బరువు చెప్పండి: ‘యూజ్ గ్రామ్’ అంటే వంద గ్రాములు. బోర్డు మీద ధర కిలోకా, వంద గ్రాములకా అన్నదీ అప్పుడే అడగండి. పాత పద్ధతి లోకుమ్ పంచదార, మొక్కజొన్న గంజిపొడి (కార్న్‌ఫ్లోర్)తో చేస్తారు, శాకాహారులు తినొచ్చు. దూదిలా ఉబ్బిన రకాల్లో మాత్రం గుడ్డు తెల్లసొన గానీ జెలటిన్ గానీ ఉండొచ్చు, అడిగి తీసుకోండి. ఆపిల్ టీ పొడిలో ఎక్కువ భాగం పంచదారే, దాని జోలికి పోవద్దు. ఆప్రికాట్ నారింజ రంగులో మెరుస్తుంటే గంధకం పట్టించారని అర్థం. ముదురు గోధుమ రంగులో ముడతలు పడ్డవి ఉత్త ఎండలో ఎండినవి, వాటికే రుచి ఎక్కువ.

పడమర వైపు హసిర్జిలర్ ద్వారం దాటగానే మూల మీద 1871 నాటి కురుకహ్వెజి మెహ్మెత్ ఎఫెంది కాఫీ దుకాణం. వాసనే దారి చూపిస్తుంది. క్యూ పొడవుగా ఉన్నా గబగబా కదులుతుంది. వంద గ్రాముల పొట్లం తీసుకోండి, అంత మెత్తటి పొడి ఎక్కువ రోజులు నిలవదు. మన ఫిల్టర్‌లో వేయొద్దు, చిల్లులు పూడుకుపోతాయి. అక్కడి నుంచి సాగే హసిర్జిలర్ వీధిలోనే స్థానికులు సరుకులు కొంటారు. పప్పులు, ఎండు పళ్లు, మసాలాల ధర లోపలికంటే అక్కడ తక్కువ. అదే వీధిలో దుకాణాల పైన మేడ మీద రుస్తెమ్ పాషా మసీదు ఉంది, మెట్లు సులువుగా కనబడవు, అడగండి. లోపలి గోడలకు అతికిన ఇజ్నిక్ రంగుల పింగాణీ పలకల కోసం పావుగంట కేటాయించండి.

కార్డు గీసేటప్పుడు యంత్రం రూపాయల్లోనా, డాలర్లలోనా అని అడిగితే రెండూ వద్దని టర్కీ లీరాలే నొక్కండి, లేకపోతే మారకం రేటులో నష్టపోతారు. వాక్యూమ్ ప్యాకింగ్ అడగండి, చాలాచోట్ల విడిగా డబ్బు తీసుకోరు. అమెరికా వెళ్లే విమానమైతే 350 మిల్లీలీటర్లు దాటిన పొడులు చేతి సంచిలో పెట్టుకుంటే తనిఖీలో ఆపేయొచ్చు, మసాలాలూ కాఫీ చెక్-ఇన్ పెట్టెలో సర్దండి. వేలాడదీసి అమ్మే పాస్తిర్మా ఎండబెట్టిన గొడ్డుమాంసం. దాన్ని అమెరికాలోకి రానివ్వరు, అక్కడే తినేయాలి.