సినిమాలకు రాయాలని ఉంది, ఈలోగా సీరియల్‌లో పని వెతుక్కోవడం మంచిదేనా?

మీరు అడిగింది ఇదీ: సినిమా స్క్రీన్‌ప్లే సగం రాసిపెట్టుకున్నారు, చేతిలో డబ్బులు అయిపోతున్నాయి, టీవీలో ఏదో ఒక పనికి చేరాలా, స్క్రిప్ట్ పూర్తయ్యేదాకా ఆగాలా అని. చేరండి. కానీ రైటర్ దగ్గర అసిస్టెంట్‌గా కాదు, డైరెక్షన్ డిపార్ట్‌మెంట్‌లో ప్రాంప్టింగ్ చెప్పే పనికి, అంటే షాట్ జరుగుతుండగా నటులకు డైలాగు అందించే పనికి చేరండి. ఈ సలహా మీకు ఇంకెవరూ ఇవ్వరు, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను 2016లో తణుకు నుంచి హైదరాబాద్ వచ్చాను. మొదటి నాలుగు నెలలు కృష్ణానగర్, ఫిల్మ్‌నగర్ ఆఫీసుల చుట్టూ తిరిగాను. ‘కథ చెప్పమ్మా’ అంటారు, మధ్యలో ఫోన్లు మాట్లాడుకుంటారు, చివరికి ‘చూద్దాం’ అంటారు. కథ నోటితో చెప్పి వచ్చేయకండి. వట్టి ఐడియాకు కాపీరైట్ ఉండదు, రాసిన రూపానికే ఉంటుంది. ముందు పూర్తిగా రాసుకుని, రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించుకుని, తేదీ ఉన్న కాగితం దగ్గర పెట్టుకుని, ఆ తరువాతే ఎవరికైనా వినిపించండి. నేను ఆ పని చేయలేదు. దానికి ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఐదో నెలలో మణికొండలో ఒక షూటింగ్ హౌస్‌లో ప్రాంప్టర్‌గా దొరికింది. తెలుగు సీరియల్స్‌లో హీరోయిన్లు చాలామంది బెంగళూరు నుంచి వస్తారు. ప్రాంప్టర్ కెమెరా పక్కన, ఫ్రేములో పడకుండా కూర్చుని డైలాగును ముక్కలుగా అందిస్తుంటే తెలుగు రాని ఆ అమ్మాయి విని చెబుతుంది. గొంతు తరువాత డబ్బింగ్ ఆర్టిస్టుది, కానీ పెదాలు మాత్రం తెలుగుకే కదలాలి. ఏ మాట నోరు తిరగదో, ఏ వాక్యం మధ్యలో ఊపిరి అందదో, ఏది కళ్లతోనే అయిపోతుందో, రోజుకు ఆరేడు సీన్లు అందిస్తుంటే మీకే తెలిసిపోతుంది. ఏడాది ఈ పని చేస్తే మూడేళ్ల ఫిల్మ్ స్కూల్ చదువు కంటే ఎక్కువ వస్తుంది. ఇందులో నాకు అనుమానమే లేదు.

ఒక రాత్రి సంగతి చెబుతాను. కాల్‌షీట్, అంటే ఆ రోజు షూటింగ్ సమయం, తొమ్మిదింటికి అయిపోతుంది, అప్పటికే ఎనిమిదిన్నర. ఆఖరి సీన్. పుట్టింటివాళ్లు ఇచ్చిన ఇంటిని భర్త తాకట్టు పెట్టాడని కోడలికి తెలుస్తుంది. పేపరు మీద డైలాగు ఇలా ఉంది: ‘మా నాన్న కష్టార్జితంతో కట్టించి ఇచ్చిన ఈ ఇంటిని మీ తమ్ముడి అప్పు కోసం తాకట్టు పెట్టడానికి మీకు మనసెలా ఒప్పిందండీ?’ ఆ అమ్మాయికి ‘తాకట్టు’ దగ్గర నాలుక మడతపడుతోంది. కన్నడంలో దానికి మాట వేరు. మూడు టేకులు, ఐదు, ఆరు. కన్నీళ్ల కోసం పెట్టిన గ్లిజరిన్ ఆరిపోయి బుగ్గల మీద చారలు కట్టింది. ఏడో టేకులో ఆమె నిజంగానే ఏడ్చేసింది. డైరెక్టర్ గారు రైటర్‌కు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ‘ఏమ్మా, తగ్గించి ఏదైనా చెప్పు’ అన్నారు నాతో. నేను ఆమె పక్కన కూర్చుని సీను అర్థమయ్యేలా చెప్పి, ‘ఈ ఇల్లు ఎవరిదండీ?’ అని మాత్రం అనమన్నాను. ఆమె భర్త వంక చూడలేదు. గడపకు రాసిన పసుపు మీద వేలు పెట్టి, ఆ మూడు మాటలూ అంది. ఒక్క టేకులో ఓకే అయిపోయింది.

మర్నాడు రైటర్ గారు ఫోన్ చేశారు. ‘బాగానే ఉందమ్మా. కానీ మన సీరియల్ చూసే ఆవిడ పొయ్యి దగ్గర నిలబడి కూర తిప్పుతూ వింటుంది. నీ గడప, నీ పసుపు ఆవిడకు కనిపించవు. ఇల్లు తాకట్టులో ఉందని ఆవిడకు ఎవరు చెబుతారు?’ అన్నారు. దారి కూడా ఆయనే చూపించారు. తరువాతి షాట్‌లో అత్తగారు కెమెరాకు వీపు పెట్టి లోపలికి వెళుతుంది, పెదాలు కనిపించవు. తాకట్టు సంగతంతా ఆ షాట్ మీద డబ్బింగ్‌లో ఎక్కించారు. నా మూడు మాటలు అలాగే ఉన్నాయి. చెవికి చెప్పాల్సిందేదో, కంటికి వదిలేయాల్సిందేదో నాకు ఆ రోజే తెలిసింది. రూముకు వెళ్లి నా సినిమా స్క్రిప్ట్ తీసి చూస్తే, మొదటి ఇరవై పేజీల్లో చూపించాల్సిందంతా పాత్రలు నోటితో చెప్పేస్తున్నాయి. అవన్నీ కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాను.

రైటర్ దగ్గర ఎందుకు వద్దంటున్నానంటే, అక్కడ మీరు టైప్ చేస్తారు, అంతే. మీ డైలాగు ఒక మనిషి నోట్లో ఎక్కడ ఇరుక్కుందో మీకు కనిపించదు. ఇంకో బాధ, సీన్ పేపర్లు తెలుగును ఇంగ్లిషు అక్షరాల్లో రాసి పంపడం. అందులో కళ్లు, కల్లు ఒక్కలాగే ఉంటాయి. మన భాషలో మాటలు రాసేవాళ్లు మన అక్షరాల్లో రాయకపోతే ఎలా?

డబ్బు గురించి ఆశలు పెట్టుకోకండి. మా యూనిట్‌లో జీతం రెండు నెలలు ఆలస్యంగా వచ్చేది, అడిగితే మేనేజర్ ‘ఛానల్ నుంచి రాలేదు’ అనేవాడు. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకునే చేరండి. మీరు అమ్మాయి అయితే రాత్రి డ్రాప్ గురించి మొదటి రోజే మాట్లాడుకోండి. ప్యాకప్ అయ్యాక ఆర్టిస్టులకు కారు ఉంటుంది, అసిస్టెంట్‌కు ఉండదు. ఎస్‌.ఆర్‌.నగర్‌లో మా హాస్టల్ గేటు పదింటికి వేసేసేవారు. మూడుసార్లు నేను రోడ్డు మీద నిలబడి వార్డెన్‌కు ఫోన్లు చేసుకున్నాను. పన్నెండు గంటలు పని చేసిన అమ్మాయిని ఇంటికి చేర్చడానికి ఒక ఆటో డబ్బులు ఇవ్వలేని ప్రొడక్షన్‌ను నేను క్షమించను.

రాయడానికి టైమ్ ఉండదేమోనన్న టెన్షన్ వద్దు. మాకు షెడ్యూల్ నెలలో పదిహేను రోజులే ఉండేది. మిగతా పదిహేను రోజుల్లోనే నా స్క్రిప్ట్ పూర్తయింది. ఇప్పుడు ఒక సీరియల్‌కు మాటలు రాస్తున్నాను, సినిమా స్క్రిప్ట్ మూడో డ్రాఫ్ట్‌లో ఉంది.

పని వెతకడానికి ఆఫీసులకు వెళ్లకండి. మణికొండ వైపు బంగళాల ముందు జనరేటర్ వ్యాన్ ఆగి ఉంటే లోపల షూటింగ్ ఉన్నట్టే. ఉదయం ఎనిమిదికల్లా వెళ్లండి, తొమ్మిది దాటితే మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు. మేనేజర్‌ని కాదు, కో-డైరెక్టర్ గారిని అడగండి. తెలుగు తడబడకుండా చదవగలనని చెప్పండి. అక్కడికక్కడే ఒక సీన్ పేపరు చేతికిచ్చి చదివిస్తారు.