వంద రూపాయల స్టాంపు పేపరు మీద భార్యాభర్తల ఒప్పందం చెల్లుతుందా?

ప్రశ్న: మాకు పెళ్ళయి తొమ్మిదేళ్ళు. ఒక పాప. మావారు ఆన్‌లైన్ రమ్మీలో డబ్బు పోగొట్టి, నాకు తెలియకుండా అప్పులు చేశారు. పెద్దమనుషులు కూర్చుని మాట్లాడారు. ఇకపై ఆడనని, ఆడితే విడాకులకు ఒప్పుకుంటానని, ఇల్లు నా పేర పెడతానని ఆయన స్టాంపు పేపరు మీద రాసిస్తారట. బదులుగా నేను ఎప్పటికీ భరణం అడగనని రాయాలట. నోటరీ చేయిస్తే చెల్లుతుందా?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: మీది హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళి అనుకుని చెబుతున్నాను. నోటరీ ముద్ర సంతకం ఎవరిదో చెబుతుంది, అంతే. చెల్లని షరతుకు ప్రాణం పోయదు.

విడాకుల షరతు చెల్లదు. పరస్పర అంగీకారంతో విడిపోవాలన్నా సెక్షన్ 13బి కింద ఇద్దరూ కోర్టుకు వెళ్ళాల్సిందే. ఆ అంగీకారం డిక్రీ (కోర్టు ఇచ్చే విడాకుల తీర్పు) నాటికీ నిలిచి ఉండాలని సుప్రీంకోర్టు 1991లో సురేష్టా దేవి కేసులో చెప్పింది. ముందే పెట్టించుకున్న సంతకంతో పని జరగదు.

భరణం వదులుకుంటానన్న మాటా అంతే. భరణం హక్కు ఇచ్చేది పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో 125 సెక్షన్, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టంలో 144. ఆ హక్కును ముందుగానే రాసిచ్చేయడం ప్రజా విధానానికి విరుద్ధం కనుక కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద చెల్లదు. పాప భరణాన్ని వదులుకునే అధికారం మీకసలు లేదు. చెల్లదు కదా, సంతకం పెట్టేస్తే పోలా అనుకోకండి. రేపు గొడవ వస్తే అవతలి వకీలు మొదట చూపించేది ఆ కాగితమే. ఆ వాక్యం కొట్టేయించండి.

ఇక ఆడనన్న హామీని అమలు చేయించడం ఏ కోర్టు వల్లా కాదు. కానీ ఎంత పోగొట్టారో, ఎవరి దగ్గర ఎంత తెచ్చారో ఆయన చేతిరాతతో రాసి, తేదీ వేసి సంతకం పెడితే దాచుకోండి. ఎప్పుడైనా అవసరమైతే అది సాక్ష్యం.

అసలు సంగతి ఇల్లు. ‘ఇస్తాను’ అన్న కాగితం వేరు, ‘ఇచ్చాను’ అన్న దస్తావేజు వేరు. 1900లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. గొడవలు పడిన భర్త, భార్యకు భరణం ఇస్తానని రిజిస్టర్డ్ ఒప్పందమే రాశాడు. ప్రతిఫలం లేని మాట నిలవాలంటే దాని వెనుక ప్రేమాభిమానాలుండాలి, ఈ కాగితం నిండా తగాదాలే ఉన్నాయి అని కోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఆస్తిని ఇప్పుడే గిఫ్ట్ దస్తావేజుతో ఇచ్చేస్తే ఈ చిక్కు రాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు, రిజిస్ట్రేషన్, మీరు స్వీకరించినట్టు ఒక వాక్యం ఉండాలి. ‘నాకిష్టమైనప్పుడు రద్దు చేసుకుంటాను’ అన్న ముక్క దూర్చారేమో చదివి చూడండి. అదుంటే గిఫ్టే చెల్లదు.

రెండు జాగ్రత్తలు. ఇల్లు ఆయన స్వార్జితమై ఉండాలి. పంపకం కాని ఉమ్మడి ఆస్తిలో వాటాను ఆయనొక్కరే గిఫ్ట్ ఇవ్వలేరు. రెండోది, అప్పులవాళ్ళను ఎగ్గొట్టడానికే భార్య పేర పెట్టారని తేలితే, ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద వాళ్ళు ఆ బదిలీని రద్దు చేయించవచ్చు. కాబట్టి ముందు అప్పుల లెక్క తేల్చండి, తీర్చే దారి చూసుకున్నాకే రిజిస్ట్రేషన్‌కు వెళ్ళండి. ఇంటి మీద బ్యాంకు లోను ఉంటే వాళ్ళ ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి. ఈ వారమే ఈసీ (ఆ ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీయించి, లింకు డాక్యుమెంట్లతో (ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన పాత దస్తావేజులతో) దగ్గర్లోని సివిల్ లాయరును కలవండి.