1991లో దేశం దగ్గర నిజంగా డబ్బు అయిపోయిందా? పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: 1991లో మన దేశం బంగారం తాకట్టు పెట్టిందని మా సార్ చెప్పారు. ఒక దేశం దగ్గర డబ్బు అయిపోవడమేంటండీ, నోట్లు అచ్చు వేసుకునేది మనమే కదా?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అయిపోయినవి రూపాయలు కాదమ్మా, డాలర్లు. రూపాయి నోట్లు నాసిక్‌లో ఎన్నైనా వేసుకోవచ్చు, కానీ పెట్రోలు అమ్మేవాడు వాటిని తీసుకోడు. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి చొరబడింది, దాంతో చమురు ధర ఎగబాకింది, అక్కడ పని చేసుకుంటున్న మనవాళ్లు లక్షన్నర మందికి పైగా ప్రాణాలు అరచేత పట్టుకుని జోర్డాన్ చేరి ఎయిరిండియా విమానాల్లో తిరిగొచ్చారు. కడపలో, గోదావరి జిల్లాల్లో ఎన్నో ఇళ్లకు నెలనెలా వచ్చే డ్రాఫ్టు ఆగిపోయింది. ఇటు ప్రవాస భారతీయులు మన బ్యాంకుల్లో వేసిన డిపాజిట్లు వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు.

ఢిల్లీలో చూస్తే చంద్రశేఖర్ ప్రభుత్వం కాంగ్రెస్ బయటి నుంచి ఇచ్చిన మద్దతు మీద బతికేది, అదీ మార్చిలో పడిపోయింది, పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేదు. అప్పిచ్చేవాడు ముందు అడిగేది ఆ ఇంటికి పెద్ద ఎవరని. ఆ ఏడాది జూన్ దాకా ఆ మాటకి మన దగ్గర గట్టి జవాబు లేదు. సరిగ్గా ఎన్నికల మధ్యలో, మే 21 రాత్రి, రాజీవ్ గాంధీని శ్రీపెరుంబుదూరులో చంపేశారు. ఆయన విశాఖపట్నం నుంచి మద్రాసు వెళ్లింది ఆ సాయంత్రమే. మాది నంద్యాల దగ్గర పల్లె, మర్నాడు పొద్దున మా ఊరికి బస్సు రాలేదు, పాలు పోసేవాళ్లు క్యాన్లు దించుకుని రోడ్డు పక్కనే నిలబడిపోయారు, ఎండెక్కేదాకా ఎవరూ ఇంటికి పోలేదు. మా ఎదురింటి పెద్దాయన ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని, విన్న వార్తే మళ్లీ మళ్లీ వింటూ కూర్చున్నాడు.

ఇక బంగారం సంగతి. మే నెలలో 20 టన్నులు, స్మగ్లర్ల దగ్గర పట్టుకున్నది, తిరిగి కొనుక్కునే ఒప్పందం మీద స్టేట్ బ్యాంకు ద్వారా స్విట్జర్లాండ్ బ్యాంకుకి అమ్మారు. అదీ చాలక జూలైలో రిజర్వు బ్యాంకు తన సొంత బంగారం, దాదాపు 47 టన్నులు, నాలుగు విడతలుగా విమానాల్లో పంపి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్, బ్యాంక్ ఆఫ్ జపాన్ దగ్గర 40 కోట్ల డాలర్లు తెచ్చింది. అప్పటికి మన దగ్గరున్న డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకి మించి రావు. ఆ వార్త పేపర్లో వచ్చినప్పుడు జనం ఎంత బాధపడ్డారో మీ తరానికి చెప్పడం కష్టం. పరువు పోయిందని ఏడ్చినవాళ్లని నేను చూశాను. కానీ అప్పు ఆ ఏడాది చివరికల్లా తీర్చేశాం, బంగారం మనదిగానే మిగిలింది. కట్టాల్సిన కిస్తీ ఒక్కటీ ఎగ్గొట్టలేదు. నన్నడిగితే సిగ్గుపడాల్సింది బంగారం పంపినందుకు కాదు, పరిస్థితి అంతదాకా వచ్చేవరకూ కూర్చున్నందుకు.

ప్రశ్న: పీవీ గారు రూపాయి విలువ ఒకేసారి తగ్గించకుండా రెండుసార్లు ఎందుకు తగ్గించారు? దానివల్ల మామూలు జనానికి ఏం ఒరిగింది?
– చిన్న వ్యాపారి, ఖమ్మం

జవాబు: జూలై 1న తొమ్మిది శాతం దాకా తగ్గించి మార్కెట్ ఎలా ఉంటుందో చూశారు, 3న ఇంకో పదకొండు శాతం. 21 రూపాయలున్న డాలరు 26 దగ్గరికి వెళ్లింది. మొదటి తగ్గింపుకే పార్టీలో, ప్రతిపక్షంలో గోల మొదలవడంతో పీవీ రెండోది ఆపమన్నారు. ఆర్థిక మంత్రి మన్మోహన్ సింగ్ పొద్దున్నే రిజర్వు బ్యాంకు డిప్యూటీ గవర్నర్ రంగరాజన్‌కి ఫోన్ చేస్తే, అప్పటికే పని అయిపోయిందని చెప్పారట. రంగరాజన్ తర్వాత తనే ఈ సంగతి చెప్పారు. అప్పటికి పీవీ ప్రమాణం చేసి రెండు వారాలు కూడా కాలేదు, లోక్‌సభలో మెజారిటీ లేదు, అసలు ఆ ఎన్నికల్లో ఆయన పోటీయే చేయలేదు, హైదరాబాదు వచ్చేద్దామని పుస్తకాలు సర్దుకున్న మనిషి.

మామూలు జనం గురించి అడిగారు కాబట్టి మా ఇంటి సంగతే చెప్తాను. జూలై 24 బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచారు, ఎంపీలు గొడవ చేస్తే 30కి దించారు, చిన్న, సన్నకారు రైతులకి మినహాయింపు అన్నారు. మా నాన్నకి ఆ మినహాయింపు అందలేదు. కేసీ కాలువ కింద వరి నాటు మీదుంది, డీఏపీ కొనక తప్పదు, అమ్మ రెండు చేతుల గాజులూ తీసి పాత చీర ముక్కలో మూట కట్టి నా చేతికిచ్చింది. కొట్లో ఆయన వాటిని గీటురాయి మీద రుద్ది, తూచి, చిట్టీ రాసిచ్చాడు. ఆ చిట్టీ మా ఇంట్లో దేవుడి పటం వెనక సంక్రాంతి దాటేదాకా ఉంది. అమ్మ ఆ ఐదు నెలలూ పెళ్లిళ్లకి మట్టి గాజులతోనే వెళ్లింది. పరిశ్రమలకి లైసెన్సులు ఎత్తేయడం వల్ల, కొత్తవి రావడం వల్ల దేశానికి మేలు జరిగింది, కాదనను, ఇవాళ నా కొడుకు చేసే ఉద్యోగం కూడా ఆ తలుపు తెరవబట్టే వచ్చింది. కానీ ఆ తలుపు తెరిచినప్పుడు మొదటి దెబ్బ పడింది పొలం మీద. ఆగస్టులో ధరల పెరుగుదల 17 శాతం దగ్గరికి పోయింది, ఆ నెల కిరాణా చీటీ రాసినవాళ్లకి అది అంకె కాదు.

ప్రశ్న: నంద్యాల ఉప ఎన్నికలో పీవీకి ఐదు లక్షల పైన మెజారిటీ ఎలా వచ్చింది?
– ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: తెలుగువాడు మొదటిసారి ప్రధాని అయ్యాడని ఎన్టీ రామారావు తెలుగుదేశం అభ్యర్థిని నిలబెట్టలేదు. అక్కడి కాంగ్రెస్ ఎంపీ గంగుల ప్రతాపరెడ్డి పీవీ కోసం సీటు ఖాళీ చేశారు, బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ పోటీ చేశారు. మెజారిటీ 5 లక్షల 80 వేలు. నా మొదటి ఓటు అదే. మా నాన్న తెలుగుదేశం మనిషి, అయినా నన్ను వెంటబెట్టుకుని వెళ్లి పీవీకే వేశాడు.

ప్రశ్న: 1991 అంటే టీవీల్లో అందరూ సంస్కరణలే చెప్తారు. మా నాన్న మాత్రం చుండూరు అంటారు. ఎవరిది నిజం?
– ప్రైవేటు ఉద్యోగి, గుంటూరు

జవాబు: మీ నాన్నగారు చెప్పింది ముందు రాయాల్సింది, నేనే చివరికి తెచ్చాను, క్షమించండి. చుండూరు అప్పటి గుంటూరు జిల్లాలో ఒక ఊరు. అక్కడ జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న తగాదా, దళితుల్ని పనుల్లోకి పిలవకుండా వెలివేయడం, చివరికి ఆగస్టు 6న పట్టపగలు పొలాల్లోకి తరిమి ఎనిమిదిమంది దళితుల్ని నరికి చంపడం. శవాల్ని గోనెసంచుల్లో కట్టి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఢిల్లీలో కొత్త బడ్జెట్ చదివి రెండు వారాలు కాలేదు. చదువుకున్న దళిత పిల్లలు తల దించకుండా నడవడాన్ని ఊళ్లో పెద్ద కులాలు ఓర్చుకోలేకపోయాయి, మూలం అదే. న్యాయవాది బొజ్జా తారకం లాంటివాళ్లు ఏళ్ల తరబడి నిలబడితే, నేరం జరిగిన ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది ప్రాణాలు పోయాక ఎవరూ చంపలేదంటే ఆ తల్లులు ఏమని సర్దుకోవాలో నాకు ఈరోజుకీ తెలియదు. చనిపోయినవాళ్లని ఊరి నడిమధ్య పాతిపెట్టిన చోటు, రక్తక్షేత్రం, అక్కడే ఉంది.

మీ నాన్నగారికి గుర్తున్నదంతా ఆయన మాటల్లోనే రాయించండి, తేదీలతో సహా. మాకు పంపితే ఒక్క వాక్యం కోయకుండా వేస్తాం.