ఆకాశవాణి విజయవాడ వార్తలు ఇప్పటికీ ఎవరైనా వింటున్నారా?

నేను వింటున్నాను. పొద్దున 6.45కి ప్రాంతీయ వార్తలు పడందే నాకు కాఫీ దిగదు. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది, మా నాన్న కంటే ఏడాది పెద్దది. మీడియం వేవ్‌లో 837 దగ్గర ఉన్న ముల్లుని ఎవరైనా కదిపితే ఆయన ఊరుకునేవారు కాదు. 6.55కి సంస్కృత వార్తలు మొదలయ్యేసరికి మేం బావి దగ్గర ఉండాలి. 7.05కి ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు వచ్చేవి, అప్పుడు ఎవరూ నోరెత్తకూడదు.

మాది దివిసీమ. 1977 ఉప్పెనలో మా నాయనమ్మ అన్నగారి ఇల్లంతా పోయింది. 1990 మే తుఫానుకి ముందు జీపులో మైకు పెట్టుకుని ఊరు ఖాళీ చేయమంటూ తిరిగారు. నాయనమ్మ మంచం దిగలేదు. "రేడియోలో చెప్పనీ, అప్పుడు చూద్దాం" అంది. కరెంటు లేదు, రేడియో సెల్లులు నీరసించాయి. ఎండలో పెడదామంటే ఎండేదీ? ఆవిడే వాటిని పొయ్యి గట్టు మీద వెచ్చబెట్టి, చీర కొంగుతో తుడిచి ఇచ్చింది. గరగరలో నుంచి వార్తలు వచ్చాయి. గొంతులో కంగారు లేదు, అరుపు లేదు. తీరం వాళ్లు వెంటనే వెళ్లిపోవాలని ఒక్కసారి చెప్పారు. నాయనమ్మ లేచి కోడిపెట్టని చంకన పెట్టుకుంది. నాన్న ట్రాన్సిస్టర్‌ని యూరియా సంచిలో చుట్టి నెత్తిన పెట్టుకున్నారు. అందరం బడి మేడకి చేరాం.

ఈ రోజుల్లో టీవీలు అదే ముక్కని వందసార్లు, వెనక డప్పులు కొట్టి మరీ చెబుతాయి. ఎఫ్‌ఎంల సంగతి సరేసరి. ప్రైవేటు ఎఫ్‌ఎంలను సొంతంగా వార్తలు చెప్పుకోనివ్వరు. 2019లో మాత్రం ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వేసుకోవచ్చన్నారు. ఇంత పెద్ద దేశంలో ఊరి వార్త ఊరి రేడియోలో చెబితే కొంపలేం మునుగుతాయో నాకు అర్థం కాదు. చెప్పకపోతేనే మునిగేది!

మాటల కార్యక్రమాలంటారా, ఉషశ్రీ గారి ధర్మసందేహాలు చాలు. జనం పురాణాల మీద సందేహాలు ఉత్తరాల్లో అడిగేవారు, ఆయన ఆదివారం రేడియోలో వాటిని కడిగి పారేసేవారు. ఇక్కడ ప్రశ్నలకి జవాబులు రాస్తూ మనం చేస్తున్నదీ అదే, కాకపోతే ఆయన చదువుకుని వచ్చి చెప్పేవారు.

ఆ ట్రాన్సిస్టర్ ఇంకా ఉంది. మూత పోయింది, సెల్లులు జారిపోకుండా రబ్బరు బ్యాండు వేశాను.