సమాధానం: ఫైబర్‌కి మారాక ఫైర్ ప్యానెల్ కాల్ తెగిపోతుంటే

విశాఖ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్‌లో ల్యాండ్‌లైన్ ఫైబర్‌కి మారాక, ఫైర్ ప్యానెల్ (అగ్నిప్రమాద అలారం పెట్టె) నుంచి పర్యవేక్షణ కేంద్రానికి వెళ్లే అలారం కాల్ సగంలో తెగుతోందన్నారు కదండీ, ఆ కాల్ చేసే డయలర్ పాడై ఉండకపోవచ్చు. పాత రాగి తీగకి ఎక్స్చేంజ్ నుంచే 48 వోల్టులొచ్చేవి. ఫైబర్ మోడెమ్‌కి మీ బిల్డింగ్ కరెంటే దిక్కు. పైగా కాంటాక్ట్ ఐడీ (అలారం సమాచారాన్ని టోన్లుగా పంపే పద్ధతి) డయలర్ ఆ కేంద్రం నుంచి 1400, 2300 హెర్ట్జ్ టోన్లు విన్నాకే సమాచారం పంపుతుంది. ఇంటర్నెట్ వాయిస్ కుదింపులో టోన్లు చెడిపోతాయి.

ప్రస్తుతానికి కోడెక్ (ధ్వనిని డిజిటల్‌గా మార్చే పద్ధతి) టోన్లను అంతగా చెడగొట్టని జీ.711 పెట్టించి, మోడెమ్‌కి యూపీఎస్ ఇవ్వండి. అసలు మందు 4జీ, ఈథర్నెట్ రెండూ ఉన్న కమ్యూనికేటర్, అంటే డయలర్ బదులు అలారం సమాచారం పంపే పరికరం. 2జీది చవగ్గా ఇస్తామన్నా దయచేసి వద్దనండి. ప్యానెల్‌లోని ఫైర్, ఫాల్ట్ (లోపం) రిలేలను, అంటే సంకేతమిచ్చే స్విచ్‌లను, కమ్యూనికేటర్‌లో వేర్వేరు ఇన్‌పుట్లకు కలపండి. యాంటెన్నా ఇనుప పెట్టె బయటే ఉండాలి. మన సముద్రపు ఉప్పుగాలికి టెర్మినళ్లు పచ్చగా చిలుం పడతాయి, అవీ చూడండి. తర్వాత మెయిన్స్ ఆపి, బ్యాటరీ మీదే డిటెక్టర్‌కి పొగ చూపించి, కాల్ చేరిందో లేదో సరిచూడండి.