షెడ్డులో కాంటెస్సా: ముందే సెల్ఫ్ కొట్టకండి

ప్రశ్న: మా నాన్నగారి కాంటెస్సా కారు (1.8 లీటర్ల పెట్రోలు ఇంజను) ఎనిమిదేళ్లుగా షెడ్డులోనే ఉంది. మళ్లీ రోడ్డెక్కించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? పార్టులు దొరుకుతాయా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ మాత్రం కొట్టకండి. సిలిండర్లు పొడిబారి పిస్టన్ రింగులు పట్టేసి ఉంటే లోపలి గోడలు గీసుకుపోతాయి. నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో 10 మి.లీ. ఇంజనాయిలు పోసి ఒక రోజు వదిలేయండి. తర్వాత క్రాంక్ పుల్లీ (ఇంజను ముందు వైపు బెల్టు తిరిగే చక్రం) బోల్టుకు స్పానర్ వేసి చేత్తో రెండు చుట్లు తిప్పండి. కదలకపోతే బలవంతం వద్దు, మెకానిక్‌తో హెడ్ దించి చూపించుకోండి. పాత పెట్రోలు పూర్తిగా తీసేయాలి. అది జిగురై కార్బురేటర్ జెట్లను (పెట్రోలు వెళ్లే సన్నని రంధ్రాలను) మూసేస్తుంది. బ్రేకు రబ్బర్లు, పెట్రోలు పైపులు బాగున్నట్టు కనబడినా మార్చాల్సిందే. ఇక్కడ పొదుపు చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇక పార్టులు. మీ బండి ఇంజను ఇసుజు 1817 సీసీ. బాడీకి మూలం ఇంగ్లండు వాక్స్‌హాల్ విక్టర్. ఆ పేర్లతోనూ వెతకండి. విజయవాడ ఆటోనగర్‌కు వెళ్లేటప్పుడు నోటిమాటగా అడగకుండా పాత పార్టునే చేతపట్టుకెళ్లండి. బుష్షులు కొలతకు లేతు మీద తీయించుకోవచ్చు. కష్టమల్లా గ్రిల్లు, టెయిల్ ల్యాంపులు, క్రోమ్ బీడింగులతోనే. పగిలినవైనా పారేయకండి, అచ్చు తీయడానికి అవే ఆధారం. పెయింటు పని అన్నిటికన్నా చివర.

అన్నట్టు, ఖర్చు మొదలుపెట్టకముందే ఆర్సీ గడువు చూసుకోండి. దాటిపోయి ఉంటే రెన్యువల్‌కు ఫారం 25.